ఐదుకి ముందు సున్నా

అరసవల్లి రోడ్డు, శ్రీకాకుళం
19 అక్టోబరు 2014

ఒసే యమునా,

బతికే ఉన్నారా మీరంతా? తుఫాను వెళ్ళి వారమైంది, ఇక్కడ ఇంకా ఫోన్లు లేవు. మా ఆసుపత్రి అంబులెన్సు నడిపే కొండబాబు మందుల కోసం విజయనగరం వస్తున్నాడంటే ఈ ఉత్తరం అతని జేబులో కుక్కాను. మీ కంప్యూటర్ ఆఫీసు గంటస్తంభం దగ్గరని చెప్పాను. వెతికి ఇస్తానన్నాడు.

మేం బాగానే ఉన్నాం. అద్దె గది మీద రేకు ఒకటి లేచిపోయింది, అంతే. బేబీ మాత్రం ఆ గాలి చప్పుడికి మూడు రోజులు చెవుల్లో దూది తియ్యలేదు. తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా పసిపిల్లే. వాళ్ళ నాన్న రాబర్ట్ బతికుంటే ఎత్తుకుని తిప్పేవాడు.

అసలు సంగతి వేరే ఉంది. గబగబా రాస్తున్నాను, రాత బాగోదు, సర్దుకుని చదువు.

తుఫానుకి నాలుగు రోజుల ముందు, ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం, గంగులు అని ఒక రైతుని గుండెనొప్పితో తెచ్చారు. అప్పుడు నేను ఒక్కదాన్నే వార్డులో డ్యూటీ నర్సుని. రెండు గంటల ఐదు నిమిషాలకి ఆయన చెమటలు పట్టేసి చల్లబడిపోతుంటే, వెనక క్వార్టర్స్‌లో ఉన్న డాక్టరుగారికి ఇంటర్‌కమ్‌లో ఫోన్ చేశాను. టైము చూసి మరీ చేశాను. ఆయన వచ్చేసరికి గంగులుగారు మాట పడిపోయి ఉన్నారు. మూడున్నరకి పోయారు.

ఇప్పుడు ఆఫీసు నుంచి నాకో కాగితం ఇచ్చారు. అందులో నేను డాక్టరుగారిని పిలిచింది 14:50 కి అని ఉంది. అంటే రెండూ యాభైకి! ముప్పావుగంట నేను కూర్చుని చోద్యం చూశానన్నమాట. చనిపోయినాయన భార్య అసిరమ్మ నా ముందు నిలబడి, “నువ్వు ఏ టైముకి పిలిసినావమ్మా? నిజం సెప్పు” అని అడిగింది. రెండూ ఐదు అన్నాను. ఆవిడ నా ముఖంకేసి చూసి వెళ్ళిపోయింది.

నేను చేత్తో రాసిన కేస్‌షీటు ఉంటే చూపించేదాన్ని. రికార్డు గది కిటికీలు ఊడిపోయి కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. ఇంక మిగిలింది వార్డులో ఉన్న కంప్యూటర్ ఒక్కటే. విశాఖపట్నం వాళ్ళెవరో అమ్మారట ఆ ప్రోగ్రాం. డాక్టర్ని పిలిచిన వెంటనే అందులో ఎక్కించాలి, నేను ఎక్కించాను కూడా. మరి యంత్రం అబద్ధం చెప్తుందా? నువ్వు పదేళ్ళుగా వాటితోనే ఉన్నావు కదా, చెప్పవే. నా ఉద్యోగం మాత్రమే కాదు, నర్సుగా నా రిజిస్ట్రేషనే పీకించేస్తామంటున్నారు.

నీ
రూబీ


విజయనగరం
25 అక్టోబరు 2014

ప్రియమైన రూబీకి,

నీ ఉత్తరం కొండబాబు నా చేతికే ఇచ్చాడు. ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివాను. రెండోసారి చదవడానికి లోపలికి వెళ్ళలేదు, అక్కడే కూర్చున్నాను.

ఇక్కడ మేం క్షేమం. మా మామగారి కొబ్బరితోట మాత్రం ఒక్క చెట్టు మిగలకుండా పడిపోయింది. మోహనకృష్ణ రోజూ పొద్దున్నే వెళ్ళి పడిన చెట్ల మధ్య తిరిగి వస్తాడు. మా ఆయన సంగతి నీకు తెలుసు కదా, బాధపడితే మాట్లాడడు. ప్రస్తుతానికి ఇంట్లో నా జీతం ఒక్కటే ఆధారం.

నువ్వు ముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నీకిచ్చిన కాగితం యంత్రం అచ్చేసిందా, లేక దాన్ని చూసి ఎవరైనా మళ్ళీ టైపు చేశారా? అది కనుక్కో. కంప్యూటర్లో టైము ఎక్కించేటప్పుడు గంటకి ఒక గడి, నిమిషానికి ఒక గడి, విడివిడిగా ఉంటాయా? యంత్రం అచ్చేసిన అసలు పేజీ దొరికితే, అందులో నిమిషాల దగ్గర ఒంటి అంకె ఉందేమో చూడు.

ఎక్కువ ఆలోచించకు. వేళకి తిను.

యమున


శ్రీకాకుళం
2 నవంబరు 2014

ఒసే యమునా,

నువ్వు దేవతవే! కాదు కాదు, మంత్రగత్తెవి. ఎక్కడో విజయనగరంలో కూర్చుని ఇక్కడి కాగితం చూసినట్టు ఎలా అడిగావే?

నువ్వు చెప్పినట్టే రెండు గడులు. నేను మొదటి గడిలో 14, రెండో గడిలో 5 కొట్టాను. ఆఫీసులో టైపు చేసే పద్మకుమారిని బతిమాలి యంత్రం అచ్చేసిన పేజీ చూశాను. అందులో 14:5 అని ఉంది. 14:50 కాదు! “మరి యాభై ఎలా అయ్యిందే” అంటే ఆ పిల్ల ఎంత అమాయకంగా చెప్పిందో తెలుసా? “అందులో ఒక అంకె తగ్గింది సిస్టరూ. సున్నా ఎగిరిపోయిందేమో అనుకొని నేనే ఏసినాను.” డాక్టరుగారు వచ్చిన టైము కూడా నేనే ఎక్కించాను, మూడూ రెండు నిమిషాలకి. యంత్రం 15:2 అని అచ్చేస్తే ఈవిడ దానికీ ఒక సున్నా తగిలించి 15:20 చేసింది. చీరకి కుచ్చిళ్ళు సర్దినట్టు సర్దేసింది తల్లి.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నీకు గుర్తుందా, మిషన్ హాస్టల్లో గేటు పుస్తకం? ఎవరు ఎన్నింటికి వెళ్ళారు, ఎన్నింటికి వచ్చారు, గంటలకి ఒక నిలువు గీత, నిమిషాలకి ఒక నిలువు గీత. మేట్రన్ సత్యవతిగారు ఎన్నిసార్లు అరిచేవారు, “ఒంటి అంకెని ఒంటరిగా ఒగ్గేయకండే, ముందు సున్నా పెట్టండి” అని! నీ డ్యూటీ రోజున నువ్వెప్పుడూ మర్చిపోయేదానివి. ఆవిడ చూసేలోగా నీ సున్నాలన్నీ నేనే పెట్టేదాన్ని.

సంతోషంగా మేనేజరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన పేజీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఈ ఐదు అంటే ఐదో, యాభైలో సున్నా పోగా మిగిలిన ఐదో నువ్వెలా చెప్తావమ్మా? ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు వచ్చి చెప్పాలి” అన్నారు. డాక్టరుగారేమో మొదట గుర్తులేదన్నవారు, ఇప్పుడు రెండూ యాభైకే ఫోన్ వచ్చిందంటున్నారు. ఆ వేళ వార్డులో ఉన్న ఆయా తవిటమ్మని అడిగితే, “నువ్వు ఫోను సేయడం సూసినానమ్మా. గానీ నాకు గడియారం సూడ్డం రాదు కదా” అని కళ్ళొత్తుకుంది.

నన్ను డ్యూటీలోంచి ఆపేశారు. డిసెంబరు పదిహేనున ఎంక్వైరీ. యమునా, ఆ ప్రోగ్రాం ఎవరు రాశారో కనుక్కోగలవా? మీ వాళ్ళల్లో ఒకళ్ళకొకళ్ళు తెలిసే ఉంటారు కదా. ఆ మనిషి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

ఫోన్లు వచ్చాయి కానీ నువ్వు ఎత్తడం లేదేం? మూడుసార్లు చేశాను. పోనీలే, ఉత్తరమే మేలు. మాకున్నది ఒకటే గది, ఫోన్లో మాట్లాడితే బేబీ అన్నీ వింటుంది.

నీ
రూబీ


విజయనగరం
9 నవంబరు 2014

రూబీకి,

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. అందుకే ఫోన్ ఎత్తలేకపోయాను.

ప్రోగ్రాం రాసినవాళ్ళని పట్టుకోవడం అంత తేలిక కాదు. ఇలాంటివి చాలా చేతులు మారతాయి. ఒకరు రాస్తారు, ఒకరు మారుస్తారు, ఒకరు అమ్ముతారు. దాని మీద ఆశ పెట్టుకోకు. ఒక వకీలుని చూసుకోవడం మంచిది.

ప్రోగ్రాం రాసినవాళ్ళు రాకపోయినా నీ మాట నిలబడుతుంది. యాభై అని కొడితే యంత్రం యాభై అనే అచ్చేస్తుంది, సున్నాని తినదు. ఆ పేజీలోనే నాలుగో వరసలో 11:50 అని పూర్తిగా వచ్చింది కదా, అది చూపించు. చాలు.

బేబీ జాగ్రత్త.

యమున


శ్రీకాకుళం
14 నవంబరు 2014

యమునా,

పద్మకుమారిని మళ్ళీ బతిమాలి ఆ పేజీ తెప్పించుకున్నాను. నాలుగో వరసలో 11:50 ఉంది.

ఆ పేజీ నేను నీకు పంపలేదు. అందులో ఎన్ని వరసలున్నాయో కూడా రాయలేదు. నీకెలా తెలుసు?

రూబీ


విజయనగరం
20 నవంబరు 2014

రూబీ,

నేనే రాశాను.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే తెలిసిపోయింది. అందుకే మెట్ల మీద కూర్చుండిపోయాను. విశాఖపట్నం వాళ్ళు అమ్మేది మా ఆఫీసు చేసి ఇచ్చిన ప్రోగ్రామే. రెండేళ్ళ కిందట వేసవిలో ఆ పేజీ అచ్చేసే రిపోర్టు నా చేత్తో రాశాను. గంట ఒక కాలమ్‌లో ఉంటుంది, నిమిషం ఇంకో కాలమ్‌లో. రెండూ ఉత్త అంకెలు. అంకెగా దాచినప్పుడు యంత్రానికి 05 అన్నా 5 అన్నా ఒకటే, 5 అనే దాచుకుంటుంది. వాటిని బయటికి తీసి టైములా చూపించమని యంత్రాన్ని అడిగే వాక్యం ఒకటి రాయాలి, దాన్ని మేం క్వెరీ అంటాం. నేనేం చేశానో తెలుసా? గంట తియ్యి, రెండు చుక్కలు పెట్టు, నిమిషం తియ్యి, అతికించు అని రాసి ఊరుకున్నాను. నిమిషానికి ముందు ఒక సున్నా తగిలించి కుడి చివర రెండు అంకెలే ఉంచమనాలి. అప్పుడు 5 కాస్తా 05 అవుతుంది. 45 అయితే 045 అయి, చివరి రెండూ తీస్తే 45 మిగులుతుంది. పది నిమిషాల పని కూడా కాదు. రాసినరోజు సరిచూడ్డానికి నేను కొట్టిన టైములు 10:45, 12:30. ఒక్క ఒంటి అంకె కూడా కొట్టి చూడలేదు.

సత్యవతిగారి మాట నువ్వు రాసేసరికి ఆ ఉత్తరం రెండు రోజులు బ్యాగులోంచి తియ్యలేకపోయాను. నీ గొంతు వింటే దాచలేనని ఫోన్ ఎత్తలేదు. నీకు తప్పు రాకుండా, నా పేరు బయటికి రాకుండా ఏదైనా దారి దొరుకుతుందేమోనని ఆ నాలుగో వరస చెప్పాను. ప్రతి నెలా ఆసుపత్రి డేటా కాపీ మా ఆఫీసుకి వస్తుంది, అందులో చూశాను. నా పిరికితనమే నన్ను పట్టించింది.

మా యజమాని అప్పలసూరిగారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. “గమ్మున దాన్ని సరిసేసీ అమ్మా. మిగతా ఆసుపత్రులకి పంపించీ. ఆ శ్రీకాకుళం దానికి మాత్రం ఇప్పుడొద్దు, ఎంక్వైరీ అయినాక ఏద్దాం. ఇది మన తప్పని తెలిస్తే అందరూ మన్ని ఒగ్గేస్తారు” అన్నారు. ఐదు ఆసుపత్రులకి పంపించాం. మీకు ఒక్కరికే ఆపారు. ఎందుకో నాకు తర్వాత తట్టింది. నువ్వూ లెక్క వేసి చూడు. పద్మకుమారి టైపు చేసిన కాగితం ప్రకారం నువ్వు 14:50 కి పిలిచావు, డాక్టరుగారు 15:20 కి వచ్చారు. ఆలస్యం నీది. సున్నా సరైన చోట పెడితే నువ్వు 14:05 కి పిలిచావు, ఆయన 15:02 కి వచ్చారు. యాభయ్యేడు నిమిషాలు. క్వార్టర్స్ నుంచి వార్డుకి ఎంత దూరమో నీకే తెలియాలి. ఆ డాక్టరుగారు ఆసుపత్రిలో భాగస్తుడని నువ్వే ఒకసారి చెప్పావు. ఆయన ఆలస్యం బయటపెట్టి ఆ ఆసుపత్రిని పోగొట్టుకోవడం అప్పలసూరిగారికి ఇష్టం లేదు.

నేనొచ్చి చెప్తే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో చెప్పలేదు. మోహనకృష్ణ ఆ తోటలోంచి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటే ఏం చెప్పమంటావు? ఇది సాకే, నాకు తెలుసు. భయం వేస్తోంది రూబీ. రోజూ నీ పేరు అనుకుంటూ లేస్తున్నాను.

తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

యమున


శ్రీకాకుళం
29 నవంబరు 2014

యమునా,

తొమ్మిది రోజులు నీకు రాయకూడదనే అనుకున్నాను. నెల రోజులు నన్ను ఉడికించావు. కాళ్ళు పట్టుకుంటానని రాశాను, ఎవరి కాళ్ళని రాశానో తెలిసి కూడా నువ్వు వకీలుని చూసుకోమన్నావు. చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నాం. పరాయిదానికైనా ఇంతకంటే మంచి జవాబు రాస్తారు.

తిట్టమన్నావుగా. తిట్టాను.

ఇంక నేను దాచింది చెప్తాను. ఎవరికీ చెప్పలేదు, ఆదివారం చర్చిలో ప్రార్థనలో కూడా పైకి అనలేకపోయాను. రెండూ ఐదుకి పిలిచాను, నిజమే. మళ్ళీ పిలవలేదు. యాభయ్యేడు నిమిషాల్లో ఒక్కసారి కూడా ఆ ఇంటర్‌కమ్ ఎత్తలేదు. మొన్న ఆగస్టులో ఇంకో పేషెంటుకి రెండుసార్లు పిలిచానని డాక్టరుగారు అందరి ముందూ, “ఒకసారి చెప్తే వినపడదా నాకు? చెవిటివాణ్ణా?” అన్నారు. ఆ మాటే చెవిలో ఉండిపోయింది. వచ్చేస్తారు, ఈ పాటికి చెప్పులు వేసుకుని ఉంటారు అనుకుంటూనే ఉన్నాను. ఆక్సిజన్ పెట్టాను, సెలైన్ ఎక్కించాను, చేయి పట్టుకుని నాడి చూస్తూ కూర్చున్నాను. కుర్చీలోంచి ఫోను అందేంత దగ్గరలో ఉంది యమునా. మాట పడకూడదని చూశాను. ఆయన పోయారు.

నువ్వు ఉద్యోగానికి భయపడ్డావు, నేను ఒక మాటకి భయపడ్డాను. ఎవరిది పెద్ద తప్పు అని తూచడానికి తక్కెడ లేదు నా దగ్గర. అందుకే నీ మీద కోపం ఎంత తెచ్చుకుందామన్నా సగంలో ఆగిపోతోంది.

ఎంక్వైరీ పదిహేనో తారీఖు, ఉదయం పదకొండింటికి, మా ఆసుపత్రి మేడ మీద. బయటి నుంచి ఒక రిటైరైన డాక్టరుగారు పెద్దమనిషిగా వస్తారట. గంగులుగారి ఇంటివాళ్ళనీ పిలిచారు. రమ్మని అడగను. నీ సున్నాలు నేను పెట్టే రోజులు అయిపోయాయి. నువ్వే పెట్టుకో.

రూబీ


విజయనగరం
11 డిసెంబరు 2014

ఒసే రూబీ,

ఈ ఉత్తరం కంటే ముందు నేనే వస్తానేమో. అయినా రాయకుండా ఉండలేను, రాస్తేనే వెనక్కి తగ్గను.

నిన్న మోహనకృష్ణకి అంతా చెప్పాను. అతను లేచి నా చెప్పులు తెగాయని చూసి, బజారుకి తీసుకెళ్ళి కుట్టించి తెచ్చాడు. “ఎంక్వైరీకి తెగిన సెప్పుల్తో ఎలతావేటి?” అన్నాడు. అదే అతని జవాబు.

పొద్దున్న అప్పలసూరిగారికీ చెప్పాను, పదిహేనున శ్రీకాకుళం వెళ్తున్నానని. ఆయన పెద్దగా అరవలేదు. “నీకు పని నేర్పింది నేనేనమ్మా” అన్నారు. “అవునండీ, తప్పు చేస్తే ఒప్పుకోమని కూడా మీరే నేర్పారు” అన్నాను. కళ్ళు దించుకుని, ఇంక ఆఫీసుకి రావద్దన్నారు.

రెండు కాగితాలు తెస్తున్నాను. ఒకటి నేను అప్పుడు రాసిన తప్పు క్వెరీ, నా పేరూ తారీఖూ అందులోనే ఉన్నాయి. రెండోది సరిచేసింది. రెండింటితోనూ ఆ రోజు పేజీ మొత్తం అచ్చేశాను. ఒక దాంట్లో 14:5, రెండో దాంట్లో 14:05. నాలుగో వరస మాత్రం రెండింట్లోనూ 11:50 అనే ఉంది. గడియారం చూడ్డం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పాలని అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాను. బస్సులో వాంతి చేసుకుంటే నవ్వకు.

మళ్ళీ పిలవలేదన్న సంగతి నువ్వు అక్కడ చెప్పాలో వద్దో నేను చెప్పను. చెప్తే నీ పక్కన నిలబడతాను, చెప్పకపోయినా నిలబడతాను.

నీ
యమున


అరసవల్లి రోడ్డు, శ్రీకాకుళం
4 జనవరి 2015

ఒసే యమునా,

సోమవారం నుంచి డ్యూటీకి రమ్మని కాగితం వచ్చింది. నా మీద పెట్టినదంతా తీసేశారు. డాక్టరుగారి పేరు మాత్రం ఎక్కడా లేదు. ‘కంప్యూటర్ పొరపాటు వల్ల కలిగిన అపార్థం’ అని రాసి ఊరుకున్నారు. నీ ఉద్యోగం పోయింది, నాది వచ్చింది. ఈ వాక్యం రాయడానికి నాకెలా ఉందో నీకు తెలుసు. నీకు ఇంకో చోట పని కుదిరేదాకా నాకు నిద్ర లేదు.

ఆ రోజు నువ్వు లేచి, “ఈ తప్పు రాసింది నేనండీ” అంటూ ఆ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచావు. మేనేజరుగారు, “ఆవిడ మీ స్నేహితురాలని విన్నాం” అంటే, “అవునండీ, అందుకే ఆలస్యంగా వచ్చాను. పరాయిదై ఉంటే మొదటి రోజే వచ్చేదాన్ని” అన్నావు చూడు, ఆ పెద్ద డాక్టరుగారు నీ కాగితాలు తన వైపు లాక్కుని అప్పుడు చదవడం మొదలుపెట్టారు. తర్వాత ఆయన నన్ను, ఇంకేమైనా చెప్పేది ఉందామ్మా అని అడిగారు. నువ్వు పక్కన ఉన్నావు కనకే మళ్ళీ పిలవలేదన్న మాట నోట్లోంచి వచ్చింది. లేకపోతే నీళ్ళు నమిలి కూర్చునేదాన్ని. అసిరమ్మ ఆ మాట విని తలెత్తి నాకేసి చూసింది. ఆ చూపే ఇన్నాళ్ళూ నన్ను తిన్నది.

నిన్న మధ్యాహ్నం ఆవిడ మా గదికి వచ్చింది. మరణ పత్రం కోసం శ్రీకాకుళం వచ్చి, అడ్రసు అడుక్కుంటూ ఒక్కత్తే నడిచి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. బేబీని పక్కింటికి పంపేశాను. ఆవిడ గుమ్మంలోనే కూలబడి, మంచినీళ్ళు తాగి, “ఆ రోజు ఏటేటి జరిగినాదో నాకు తెలుగులో రాసియ్యమ్మా. ఆసుపత్రోలిచ్చిన కాయితం ఇంగిలీసులో ఉన్నాది. మా మనవరాలి సేత సదివించుకుంటాను” అంది.

బేబీ నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాశాను. 14:05 డాక్టరుగారిని పిలిచాను. మళ్ళీ పిలవలేదు, అది నా తప్పు. 15:02 డాక్టరుగారు వచ్చారు. సున్నాలు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. పైకి చదివి వినిపించాను. ఆవిడకి చదువు రాదు, అయినా కాగితం తీసుకుని మొదటి వరస నుంచి చివరి వరసకి వేలు జరిపి, అక్కడే ఆగింది.

“ఈటి నడుమ నువ్వెక్కడ ఉన్నావమ్మా?”

“మంచం పక్కనే ఉన్నానమ్మా.”

“సెయ్యి పట్టుకున్నావా?”

“పట్టుకున్నాను. నాడి చూడ్డానికి పట్టుకున్నాను. తర్వాత వదల్లేదు.”

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “తప్పు రాసినావు. మరి ఇది రాయనేదేటి?”

దానికి గడి లేదమ్మా అనబోయి ఊరుకున్నాను. మూడు నెలలుగా అందరం ఆ రెండు గడుల చుట్టూనే తిరిగాం. ఆ ఐదు ఎక్కడుండాలి, ఆ సున్నా ఎక్కడుండాలి అని కొట్టుకున్నాం. ఆవిడకి కావలసింది మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాగితం వెనక్కి తీసుకుని మధ్యలో ఇంకో వరస రాశాను. ఈ యాభయ్యేడు నిమిషాలూ గంగులుగారు ఒంటరిగా లేరు, నేను చేయి పట్టుకుని ఉన్నాను అని.

మళ్ళీ చదవమంది. చదివాను. కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. బస్సు టైమైందంటే స్టాండు దాకా తోడు వెళ్ళి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి వచ్చాను.

నీ
రూబీ